క్యారేజీలో పంచిన మాత్ర

సంతోషకుమారిని మనం మొదట చూసే వేళకి ఆమె జిల్లా ఆసుపత్రి వరండాలో నిలబడి డాక్టరమ్మని దుమ్మెత్తిపోస్తోంది. కారణం లేకుండా కాదు. ఆమె మొగుడు జాన్‌బాబు హిందీ మాట్లాడే రాష్ట్రంలో ఇనుప గనుల ఊరైన కిరండూల్ రైల్వే గ్యాంగులో ట్రాక్‌మన్. హెపటైటిస్ సి అనే వైరస్ అతని లివరుని లోపల్లోపల తినేస్తోందని క్రిస్మస్ ముందు బయటపడింది. రోజుకో మాత్ర చొప్పున మూడు నెలలు వేసుకుంటే పోతుందని చెప్పి, మాత్రల సీసాలు ఊరికే ఇచ్చారు. కోర్సు అయింది. తర్వాత మూడు నెలలు ఆగి మళ్లీ రక్తం తీసి చూస్తే వైరస్ ఎక్కడికీ పోలేదు, లక్షల్లో కూర్చుని ఉంది. డాక్టరు రాజ్యశ్రీ అతని ముఖంలోకి చూసి, "మాత్ర ఎప్పుడైనా మానేశారా?" అని అడిగింది. "లేదమ్మా, దేవుడు సాక్షి" అన్నాడు జాన్‌బాబు.

ఆ మాట వినగానే సంతోషకుమారికి ఒళ్లు మండిపోయింది. నా మొగుడు దేవుడి మీద ఒట్టేసి చెబుతుంటే ఈ పిల్ల డాక్టరు అనుమానపడుతుందా అని లేచింది. సగం తెలుగులోనూ సగం హిందీలోనూ ఉతికి ఆరేసింది. మీవి మందులు కావు, సుద్దముక్కలంది. పేదవాడి ప్రాణమంటే మీకు లోకువంది. వరండాలో ఉన్న రోగులంతా తమ రోగాలు మరిచిపోయి ఆమెవైపే చూశారు. రాజ్యశ్రీ ఎదురుమాట ఆడలేదు. లివరు గట్టిపడటం మొదలైందని, ఆలస్యం చేయడానికి లేదని, రెండో మందు సంగతి ఆలోచించాలి కాబట్టి గురువారం రమ్మని మాత్రం చెప్పింది.

ఇది సోమవారం మాట. మర్నాడు మంగళవారం.

పొద్దున్నుంచీ ముసురు. బైలాడీల కొండ మీంచి దిగే నీళ్లు క్వార్టర్ల వెనకాల ఎర్రగా పారుతున్నాయి. కిరండూల్‌లో బట్టలుతకడం అంటే ఇనుప దుమ్ముతో రోజూ తగాదా పడటమే. ఉతికిన చొక్కా ఆరేలోపల మళ్లీ ఎర్రబడుతుంది. సంతోషకుమారి పాతికేళ్ల నుంచీ ఆ తగాదా పడుతూనే ఉంది, ఇంకా ఓడిపోయానని ఒప్పుకోలేదు. జాన్‌బాబు డ్యూటీకి వెళ్లిపోయాడు. కూతురు కరుణశ్రీ కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి గొడుగు వేసుకుని వెళ్లింది. సంతోషకుమారి వరండాలో కూర్చుని మొగుడి ప్యాంటుకి సబ్బు రాస్తూ, నిన్న డాక్టరమ్మని ఇంకా ఏమేం అనాల్సిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటోంది.

అంతలో గేటు దగ్గర ఎవరో, "అక్కా! అన్న ఉన్నడా?" అని పిలిచారు.

చూస్తే మాసే. ఉంగ పెళ్లాం. ఉంగ, జాన్‌బాబు పనిచేసే చోటే కాంట్రాక్టరు కింద కంకర మోస్తాడు. వాళ్లది మరైగూడ వైపు పల్లె, రైలు సైడింగు వెనకాల గుడిసెలో ఉంటారు. మాసే తలమీద పాలిథిన్ సంచి కప్పుకుని ఉంది. ఒక చంకలో కోడి, రెండో చేతిలో ఆకుల్లో చుట్టిన, కూర వండుకునే లేత వెదురు కొమ్ములు.

"మీ అన్న డ్యూటీకెల్లేడు. ఏటే, వానలో వొచ్చేవు? ఆ కోడేటి?"

"మీకే అక్కా. మొన్ననే తెద్దామనుకున్న, వాన తగ్గుతలేదు."

"మాకేలే? పండగ లేదు, పబ్బం లేదు."

మాసే నవ్వింది. కోడిని వరండాలో దించి, దాని కాళ్లకున్న నారని స్తంభానికి ముడేసింది. "మా ఆయనకు చలికాలం కండ్లు పచ్చగ అయినయి గదక్కా. అన్నం తినకపోతుండె, ఊకె పడుకొనుడే. అన్న గోలీలిచ్చిండు. ఇప్పుడు మంచిగ నడుస్తుండు, పనికి పోతుండు. మనిషిని బతికించిండు అన్న. మేం వట్టిగ ఎట్ల ఊకుంటం?"

సంతోషకుమారి చేతిలో సబ్బు ఆగింది.

"ఏ గోలీలే?"

"గవే అక్కా, అన్న దినాం టిఫిన్ డబ్బల తెస్తుండె గద. ఒకనాడు అన్న మింగుతుండె, ఒకనాడు మా ఆయన మింగుతుండె."

ఎంత తేలిగ్గా చెప్పిందో చూడండి. పక్కింటికి కూర ఇచ్చి పుచ్చుకున్నంత తేలిగ్గా చెప్పింది. సంతోషకుమారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. నమ్మక తప్పనప్పుడు మాత్రం కాళ్ల దగ్గర్నుంచి మంట పుట్టుకొచ్చింది. మాత్ర మధ్యాహ్నం అన్నంతోపాటు వేసుకుంటానని క్యారేజీ పైగిన్నెలో పెట్టించుకునేవాడు. తనే పెట్టేది. పెట్టేముందు దాన్ని అరచేతిలో ఉంచుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఆ మూడు నెలలూ ఆమె ఒక్కనాడు కూడా ప్రార్థన లేకుండా ఆ గిన్నె మూత పెట్టలేదు.

"ఎవులడిగి ఇచ్చేడే? ఎవులడిగి తీసుకున్నాడు మీ ఆయన?" అని అరిచింది.

మాసే బిత్తరపోయింది. కోడివైపు చూసింది, అక్కవైపు చూసింది. "చిన్నగున్నదా అక్కా? ఇంకోటి తెస్త."

ఆ మాటకి సంతోషకుమారికి ఏడవాలో కొట్టాలో తెలియలేదు. కొట్టడానికి మాసే ఏం చేసింది? మొగుడు లేచి తిరుగుతున్నాడని సంబరపడి ఉన్న ఒక్క కోడినీ పట్టుకొచ్చింది. కానీ కోపం న్యాయం చూసుకుని రాదు కదా. అది ముందు దొరికినవాళ్ల మీద పడుతుంది.

"మీ ఆయనకి కాళ్లు లేవేటి? ఆసుపత్రి లేదేటి? అక్కడ అందరికీ ఊరికే ఇస్తన్నారు గదే ఆ మందు! అడుక్కోనక్కర్లేదు, అప్పు సేయనక్కర్లేదు. ఎల్లి నిల్చుంటే ఇస్తారు. నా మొగుడి నోటికాడిదే కావాలేటి మీకు?"

మాసే కళ్లలో నీళ్లు తిరిగాయి. "కాంట్రాక్టరు మున్షీ గీ పచ్చకండ్ల జబ్బు, కాలా పీలియా, ఉన్నోళ్లను పనికి రానిస్తలేడక్కా. ఇద్దరిని ఎల్లగొట్టిండు. ఒగ నీళ్ల డ్రమ్ముల నీళ్లు తాగుతరు, అందరికి అంటుతది అని తిట్టిండు. దవాఖానకు పోతే పేరు బయటికొస్తది, పని పోతది అని మా ఆయనకు భయం. నేనేం చేద్దు?"

నీళ్లతో అంటుకునే జబ్బు కాదది. రక్తం నుంచి రక్తానికి పాకేది. ఆ ముక్క డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ మున్షీకి చెప్పే నాథుడు లేడు, చెప్పినా వాడు వినే రకం కాదు. సంతోషకుమారి వాణ్ణి కూడా నాలుగు తిట్టింది. మాసే ఆ తిట్లు కూడా తననే అనుకుని, వెదురు కొమ్ములు గట్టు మీద పెట్టి, వానలో పడి వెళ్లిపోయింది. కోడిని మాత్రం తీసుకెళ్లలేదు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం వాళ్లలో లేదు.

సంతోషకుమారి సబ్బు నురగ చేతులతోనే లోపలికెళ్లి ఫోన్ తీసింది. చేయాలంటే సిగ్గు. నిన్న ఆ పిల్లని నలుగురిలో అన్ని మాటలంది. చేయకపోతే మొగుడి ప్రాణం. చేసింది.

"అమ్మా, నాను జాన్‌బాబు ఇంటిదాన్ని. నిన్న నానన్న మాటలు..."

"అవి తర్వాత చూద్దాం. చెప్పండి" అంది రాజ్యశ్రీ. ఆమెది బచేలీ గనుల టౌన్‌షిప్, తండ్రిది విజయనగరం వైపు. తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"ఆ మాత్రలు ఇద్దరు పంచుకుంటే ఏటవుద్దమ్మా? ఒకరోజు ఒకలు, ఒకరోజు ఇంకొకలు ఏసుకుంటే?"

 అవతల నుంచి వచ్చిన గొంతు నిన్నటి డాక్టరు గొంతు కాదు. "పంచుకున్నారా? దేవుడు సాక్షి అన్నాడు కదండీ ఆయన!"

"అన్నాడమ్మా."

"రోజుకో మాత్ర అని ఊరికే చెబుతామా? మందు రాత్రీ పగలూ రక్తంలో ఉండాలి. ఒక్కరోజు గ్యాప్ ఇచ్చినా వైరస్‌కి ఊపిరాడుతుంది. రోజు విడిచి రోజు వేస్తే అది చావదు సరికదా, ఆ మందుకి లొంగకుండా ఉండటం నేర్చుకుంటుంది. మా చిన్నప్పుడు ఈ జబ్బుకి సూదులుండేవి, ఇంటర్‌ఫెరాన్ అని. ఏడాదిపాటు వారం వారం పొడిపించుకుని, జ్వరాలతో, జుట్టు రాలిపోయి, మనిషి సగమైపోయేవాడు. అంతా చేస్తే సగంమందికి తగ్గేది. ఇప్పుడు పన్నెండు వారాలు ఒక్క మాత్ర. వందలో తొంభై అయిదుగురికి పూర్తిగా పోతోంది. అలాంటి మందుని తీసుకెళ్లి మీ ఆయన..." ఆమె మాట మింగేసింది.

"మరి కళ్లు తెల్లబడ్డాయంటన్నారమ్మా, ఆ రెండోవాడికి. తగ్గినట్టే గదా?"

"కళ్లు తెల్లబడితే తగ్గినట్టు కాదు. మందు పడినన్నాళ్లు వైరస్ కాస్త అణిగుంటుంది. మళ్లీ లేస్తుంది. అతన్ని కూడా తీసుకురండి. పేరు ఎవరికీ చెప్పం, నాది పూచీ."

"మరి మావోడికి?"

"రెండు దారులున్నాయి. ఇలాంటి మాత్రలకే రిబావిరిన్ అని ఇంకో మందు కలిపి ఆరు నెలలు వాడటం ఒకటి. అది రక్తం తగ్గిస్తుంది, కళ్లలో వత్తులేసుకుని చూసుకోవాలి. లేదంటే మూడు మందులు కలిసిన మాత్ర ఒకటుంది. అది మా దగ్గర లేదు, పెద్ద ఆసుపత్రికి రాయాలి. తగ్గే అవకాశం బాగానే ఉందమ్మా. కానీ లివరు దెబ్బతినడం మొదలైన మనిషి. మొదటి మందు చేజార్చుకున్నాడు. రెండోది కూడా చేజారితే మూడోది ఏమిటని నన్నడక్కండి."

ఫోన్ పెట్టేశాక సంతోషకుమారి చాలాసేపు గోడకానుకుని నిలబడింది. నిన్న తను ఏ మనిషినైతే సుద్దముక్కల డాక్టరంది, ఆ మనిషి చెప్పిందే నిజమైంది. తను ఏ మనిషి తరఫునైతే వరండా దద్దరిల్లేలా అరిచింది, ఆ మనిషి పక్కనే నిలబడి తలదించుకుని నేల చూశాడు. ఆపు అనలేదు. నా తప్పే అనలేదు. పెళ్లాం పదిమందిలో నోరు పారేసుకుంటుంటే వింటూ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా తోచింది.

ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు.

జాన్‌బాబు సాయంత్రం వచ్చాడు. ఎప్పట్లాగే కిటికీలోంచి క్యారేజీ లోపలికి అందించబోయాడు. అందుకునే చెయ్యి రాలేదు. వరండాలోకి వచ్చి రెయిన్‌కోటు విప్పుతూ, స్తంభానికి కట్టి ఉన్న కోడిని చూశాడు. పక్కన వెదురు కొమ్ములు చూశాడు. ఒక చెయ్యి కోటులోనే ఉండిపోయింది.

"మాసే వొచ్చిందా?" అన్నాడు మెల్లగా.

"వొచ్చింది. నీకు మొక్కు చెల్లించడానికొచ్చింది. నువ్వు దాని మొగుణ్ణి బతికించీసినావట. దేవుడివైపోనావట నువ్వు. కూకో, పీట ఎయ్యమంటావా?"

"కుమారీ..."

"కుమారి లేదు, కూరగాయలు లేవు. సెప్పు. నిన్న డాక్టరమ్మ ఎదర ఎవుల మీద ఒట్టేసినావు? మానీలేదన్నావు గదా. దేవుడు సాక్షి అన్నావు గదా."

"మానీలేదే నాను. మాత్ర ఒక్కటి కూడా పారీలేదు. అన్నీ కడుపులోకే ఎల్లేయి."

"ఎవుల కడుపులోకి?"

 అతను కోటు నుంచి రెండో చెయ్యి కూడా బయటికి తీసి, దాన్ని మేకుకి తగిలించి, గట్టుమీద కూర్చున్నాడు. జాన్‌బాబు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అరిచేవాడితోనైతే దెబ్బకి దెబ్బ తీయొచ్చు. ఇలా మెత్తగా కూర్చునేవాడితో ఎవరు మాత్రం ఏం చేయగలరు? సంతోషకుమారికి ఇంకా మండింది.

"నోరు తెరు. నా సేతుల్తో పెట్టేను ఆ మాత్ర క్యారేజీలో. దండం పెట్టుకుని పెట్టేను. నీ కాలేజం కాపాడమని పెట్టేను, కాంట్రాక్టరు కూలోడి కాలేజం కోసం కాదు!"

"అలగ అనకే. నీకు తెలీదు గ్యాంగు సంగతి."

గ్యాంగు సంగతి ఆమెకు తెలియకేం? పట్టాల పక్కన పన్నెండింటికి పనాపి చెట్టుకిందకి చేరితే, క్యారేజీలన్నీ ఒక్కసారే విప్పుతారు. ఎవరి గిన్నె ఎవరిదో చూసుకోరు. ఒకరి పప్పులో ఇంకొకరి చెయ్యి ఉంటుంది. శ్రీకాకుళపు ఎండురొయ్యలూ మరైగూడ జొన్నరొట్టే ఒకే ఆకులో కలుస్తాయి. విడిగా కూర్చుని తిన్నవాణ్ణి గ్యాంగు మనిషిగా లెక్కపెట్టరు. పర్మినెంటు వాడైనా కాంట్రాక్టు వాడైనా అంతే. కొండచరియ జారిపడే లైనులో పక్కవాడి కేక మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది కాబట్టి, పక్కవాడితో అన్నం దాచుకోకూడదన్నది వాళ్ల లెక్క. మంచి లెక్కే. ఆ లెక్కని మందుసీసా మీద కూడా వేస్తారని ఏ డాక్టరు ఊహిస్తాడు?

"ఉంగ నా ఎదర కూకుని, పసుపు కళ్లేసుకుని సూస్తంటే, నానొక్కణ్ణీ గుటుక్కున మింగీమంటావా?" అన్నాడు జాన్‌బాబు. "ఇద్దరికీ ఒకటే జబ్బు. ఇద్దరికీ ఒకటే సూది నుంచి వొచ్చింది. నాకు మందుంది, ఆడికి లేదు. నా గొంతు దిగలేదే."

"ఆసుపత్రికి ఎల్లమని సెప్పలేకపోనావా?"

"సెప్పేను. పని పోద్దని ఏడిసేడు. మరేటి సేయను? అప్పుడెప్పుడో దగ్గుమందు ఒక సీసా తెస్తే కాలనీలో పిల్లలందరికీ తలో మూతా పోసేవోళ్లం గదా. అందరికీ తగ్గేది గదా. అలగే అనుకున్నాను. ఇద్దరికీ సగం సగం పడినా, కాస్త ఆలస్యమైనా ఇద్దరికీ తగ్గుద్దనుకున్నాను."

"దగ్గుమందు!" సంతోషకుమారి రెండు చేతులతోనూ నెత్తి కొట్టుకుంది. "దీన్ని దగ్గుమందనుకున్నావా? అన్నం పంచుకో. కూర పంచుకో. బీడీ ముక్క పంచుకో. మందు పంచుకుంటారేటి? సగం మందుతో సగం మనిషి బతుకుతాడేటి? ఇప్పుడు ఆడికీ తగ్గలేదు, నీకూ తగ్గలేదు. ఇద్దర్నీ బతికిస్తానని ఇద్దర్నీ ముంచీసినావు. నీ మంచితనం మండిపోనూ! నువ్వు లేకపోతే నన్నెవులు సూస్తారని ఒక్కపాలి అనిపించలేదా నీకు? ఉంగ కళ్లు కనిపించేయి గానీ నా కళ్లు కనిపించలేదా?"

ఆ చివరి మాటకి ఆమె గొంతు జీరబోయింది. అది ఆమెకే నచ్చలేదు. ఏడిస్తే కోపం కరిగిపోతుందని భయం. కొంగుతో ముక్కు గట్టిగా తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది.

ఈసారి కూర్మారావు వంతు. అతను ఇప్పుడు కాలనీలో లేడు, ఎప్పుడో సొంత ఊరు వెళ్లిపోయాడు. కానీ ఈ కథలో జబ్బు మొదలైంది అతని గదిలోనే. సోంపేట వైపు మనిషి. చదివింది ఏమిటో ఎవరికీ తెలియదు, అందరూ డాక్టరుగారనేవాళ్లు. స్టౌ మీద గిన్నెలో నీళ్లు, నీళ్లలో ఒక గాజు సిరంజి, రెండు సూదులు. జ్వరమన్నా నొప్పన్నా ఒకే సూది, ఒకరి తర్వాత ఒకరికి. ఊళ్లో డిస్పెన్సరీ లేక అతని దగ్గరికి వెళ్లారా అంటే కాదు. డిస్పెన్సరీలో హిందీలో చెప్పుకోవాలి. కడుపులో దేవేస్తోందనీ, కీళ్లు పీకేస్తున్నాయనీ హిందీలో ఎలా చెబుతారు? కూర్మారావుకి సగం మాట చెబితే మిగతా సగం అతనే అందుకునేవాడు. ఉంగలాంటి మరైగూడ వాళ్లకీ అంతే, తెలుగు తెలిసిన డాక్టరు అతనొక్కడే. తమ భాషలో నొప్పి విన్నవాణ్ణి వీళ్లు కళ్లుమూసుకుని నమ్మారు.

"ఆ ముదనష్టపోడు ఇప్పుడు నా ఎదర కనిపించాలి" అంది సంతోషకుమారి. "ఆ సూదితోటే ఆడి కళ్లు పొడిసీదును."

జాన్‌బాబు చటుక్కున తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

"సరే" అంది ఆమె, ఊపిరి పీల్చుకుని. "జరిగిందేదో జరిగింది. గురువారం దాకా ఆగేది లేదు. రేపు పొద్దున్న బస్సుకే ఎల్తాం. ఉంగని నాను లాక్కొస్తాను. రానంటే జుట్టట్టుకుని లాక్కొస్తాను. మున్షీ అడ్డొస్తే ఆడి సంగతీ నాను సూస్తాను. మీరిద్దరూ డాక్టరమ్మ ఎదర నిల్చుని నిజం సెప్పాలి. మీ ఇద్దరికీ ఎవుల మందు ఆళ్లకి రాయించుకొస్తాను. అర్థమైందా? ఇద్దరూ."

జాన్‌బాబు పెదవి కదిపాడు. ఏమీ వినపడలేదు.

"ఏటి గొణుగుతన్నావు?"

"ఇద్దరం కాదే."

"ఇద్దరు కాపోతే మరేటి? గ్యాంగంతటికీ పంచినావేటి?"

"గ్యాంగుకి కాదు." అతను తన అరచేతుల వైపు చూసుకుంటూ మాట్లాడాడు. "ఉంగకి సగం ఇచ్చేను. మిగిలిన సగంలో... నాను అన్నీ ఏసుకోలేదు. మిగిల్తేనే ఏసుకున్నాను."

"మరెవులికి పెట్టినావు?"

వాన జోరందుకుంది. కొండ కిందనుంచి ఖనిజం బండి ఒకటి కదిలి, కాలనీ అంతా సన్నగా అదురుతోంది.  అది వెళ్లగానే సంతోషకుమారి వంగి అతని గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఇంట్లో అందరికీ టెస్టు సేయించమంది గదా డాక్టరమ్మ, అప్పుడు" అన్నాడు. "నీకు ఆసుపత్రిలో సేసేరు, ఏటీ లేదన్నారు. కరుణకి క్లాసులున్నాయని బజార్లో లేబుకి నానే తీసుకెల్లేను. గుర్తుందా?"

"గుర్తుంది. బాగుందన్నావు."

"అన్నాను."

ఆ ఒక్క మాటలో ఎంత ఉందో ఆమెకు వెంటనే ఎక్కలేదు. గడ్డం పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అన్నాను" అన్నాడు మళ్లీ. "ఏటని సెప్పమంటావే నీకు? సూది నుంచి వొస్తాదని డాక్టరమ్మ సెప్పిన రోజు నువ్వు అన్నం ముట్టలేదు. నా మొగుణ్ణి నానే కూర్మారావు కాడికి పంపేనని రాత్రంతా ఏడిసినావు. కరుణ నాలుగేళ్ల గుంటప్పుడు, జ్వరమొచ్చినప్పుడల్లా ఎత్తుకెల్లి దానికి సూది పొడిపించింది ఎవులే? నానేమో లైను మీద ఉండీవోణ్ణి. దానికీ ఉందని తెలిస్తే నువ్వు బతుకుతావా అని... దాని మందు నా మందులోనే సర్దీసి, తగ్గిపోయాక ఎవులికీ తెలీకుండా..."

పొద్దున్నుంచీ సంతోషకుమారికి తిట్టడానికి మనుషుల కరువు రాలేదు. మాసేని తిట్టింది. కనపడని మున్షీనీ ఊళ్లో లేని కూర్మారావునీ తిట్టింది. కట్టుకున్నవాణ్ణి కడిగేసింది. ఇప్పుడు కూడా తిట్టాలనే నోరు తెరిచింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. నాలుగేళ్ల పిల్ల మెడచుట్టూ చేతులేసి, సూది వద్దమ్మా అని ఏడుస్తుంటే, ఒక్క నిమిషం ఓర్చుకో నా తల్లీ అని ఆ చిన్న భుజాన్ని తనే గట్టిగా పట్టుకోవడం మాత్రం కళ్లకు కట్టింది. కోపం ఎక్కడికీ పోలేదు. అది తిరిగి తిరిగి ఇంటికే వచ్చింది.

గేటు చప్పుడైంది ఎప్పుడో వీళ్లిద్దరికీ తెలియదు. గొడుగు మీంచి నీళ్లు వరండా గచ్చు మీద కారుతున్న చప్పుడికి జాన్‌బాబు ముందు తిరిగాడు, తర్వాత సంతోషకుమారి. మెట్టు మీద కరుణశ్రీ నిలబడి ఉంది. గొడుగు ఇంకా ముడవలేదు. 

"నాకేం లేదన్నావు కదా నాన్నా" అంది. "మరి బలానికని రెండు మూడు రోజులకోసారి సాయంత్రం తెచ్చి నా చేతిలో పెట్టావే, నేను మింగింది ఏ మాత్ర?"